బుర్రిలంక పికప్పుకి కట్టిన ధర

ముక్తేశ్వరాచారి మేస్త్రిని ఏదైనా అడిగితే వెంటనే జవాబు వచ్చేది కాదు. అడిగినవాడికి ఏదో ఒక పని అప్పజెప్పేవాడు. ఆ పనిలో జవాబు దొరికితే దొరికినట్టు, లేకపోతే లేదు. వేమగిరి దగ్గర హైవే పక్కన ఆయన షెడ్డు. పేరుకి మెకానిక్కు షెడ్డే గాని, బాగుచేయించుకోవడానికి వచ్చే బళ్ళకంటే ధర చెప్పించుకోవడానికి వచ్చే బళ్ళే అక్కడ ఎక్కువ. పాత బండి అమ్మేవాడి మాట కొనేవాడు నమ్మడు, కొనేవాడి మాట అమ్మేవాడు నమ్మడు. ఇద్దరూ కలిసి ఆచారిగారి మాట నమ్ముతారు. ఆ షెడ్డులోంచి ఒక అంకె బయటికొచ్చిందంటే దానిమీద ఇక బేరం లేదు. ఇష్టమైతే ఆ ధరకి ఇచ్చిపుచ్చుకోవాలి, కష్టమైతే మానుకోవాలి. బండి అమ్ముడుపోయాక అమ్మినవాడు ఓ ఐదు వందలు తెచ్చి ధర చెప్పినవాడి చేతిలో పెడతాడు. దాన్ని ఆ చుట్టుపక్కల ‘మాటకూలి’ అంటారు. ఆచారిగారి ఇల్లు చాలాకాలం ఆ కూలితోనే గడిచింది.

ఆయన దగ్గర ఆరేళ్ళుగా పని నేర్చుకుంటున్నవాడు నూకరాజు. వయసు ముప్ఫై ఆరు. అంతకు ముందు రాజమండ్రిలో పాత కార్లు కొని అమ్మే ఒక చోట ఎనిమిదేళ్ళు పనిచేశాడు. చెయ్యి మంచిది, కన్ను ఇంకా మంచిది. రంగు కింద దాగిన సొట్టని పది అడుగుల దూరంనుంచి పట్టేసేవాడు. నోటి సంగతి మాత్రం వేరు. ఆ పాత కార్ల చోట నేర్చిన విద్య ఒకటి అతని నాలికమీద అలాగే ఉండిపోయింది. అమ్మడానికొచ్చినవాడి బండిని ముందు మాటలతో నేలమట్టం చేసి, వాడు లబోదిబోమన్నాక మెల్లగా రెండు మెట్లు ఎక్కించడం. కొనేవాడు సగానికి అడుగుతాడు, అమ్మేవాడు రెట్టింపు చెబుతాడు, ఇద్దరూ చెమటలు పట్టేదాకా అరుచుకుని నడిమధ్య కలుస్తారు. అక్కడ అందరికీ తెలిసిన ఆటే అది. తెలిసినవాళ్ళ మధ్య దాన్ని మోసం అనడానికి కూడా లేదు.

ఒక రోజు మధ్యాహ్నం భోజనాలయ్యాక నూకరాజు గురువుగారిని అడిగాడు. నడిచే బండికి ధర కట్టడం తనకి వచ్చిందన్నాడు. ఇంజిను చప్పుడు వింటే సగం తెలుస్తుంది, నాలుగు మైళ్ళు తోలితే మిగతా సగం తెలుస్తుంది.

“అసలు నడవనే నడవని బండికి, అందులోనూ ఇప్పుడెవరూ తయారుచెయ్యని పాతకాలం బండికి, న్యాయమైన ధర దేన్ని బట్టి కట్టాలండి?” అన్నాడు.

ఆచారిగారు చేతులు తుడుచుకుంటూ, బుర్రిలంకలో ఏసుపాదం అనే ఆయన దగ్గర అలాంటి పికప్పే ఒకటి ఉందని చెప్పాడు. రాజమండ్రిలో హోటలు నడిపే ఒకాయన మొక్కలు కొనడానికి బుర్రిలంక వెళ్ళి, ఆ బండిని చూసి ముచ్చటపడ్డాడట. బాగుచేయించి, రంగులేయించి హోటలు ముందు నిలబెట్టుకుంటాడట. ఆచారిగారి షెడ్డు ఎంత చెబితే అంత ఇస్తానన్నాడట. ఏసుపాదం కూడా సరేనన్నాడట.

“నువ్వెళ్ళి చూసి, ధర చెప్పిరా” అన్నాడు ఆచారిగారు.

ఆయన అన్నది అంతే. ధర చెప్పిరమ్మన్నాడు, బేరం చేసుకు రమ్మనలేదు. ఈ రెండింటికీ ఎంత తేడా ఉందో ఆ పూట నూకరాజు బుర్రకి తట్టలేదు. గురువుగారు మొదటిసారి తనని ఒంటరిగా పంపుతున్నాడన్న సంబరంలో ఉన్నాడు.

బుర్రిలంక అంటే మొక్కల ఊరు. ఎటు చూసినా నర్సరీలే. ఏసుపాదం ముప్ఫై ఏళ్ళపాటు ఆ పికప్పులో మొక్కలు తోలాడు. మామిడి అంట్లు, గులాబీలు, కొబ్బరి పిలకలు ఆ బండి వెనక ఎక్కి ఎన్ని ఊళ్ళు వెళ్ళాయో లెక్కలేదు. ఆరేళ్ళ కిందట ఇంజిను బిగుసుకుపోయింది. విడిభాగాలు దొరకక, దొరికినా కొనలేక, ఇంటి పక్కన రేకుల పందిరి కింద నిలబెట్టేశాడు. అప్పట్నుంచీ వేరేవాళ్ళ ట్రక్కు ఆటోని అద్దెకి తీసుకుని తోలుతున్నాడు. పొద్దంతా తోలినా సగం అద్దెకే పోతుంది. కడియంలో ఒకాయన ఏడాది మాత్రమే వాడిన ట్రక్కు ఆటో అమ్ముతున్నాడు. ముందు లక్ష కడితే మిగతాది ఫైనాన్సులో తీర్చుకోవచ్చు. నెలాఖరుదాకా ఆగుతానని మాటిచ్చాడు. ఆ లక్షా ఈ పికప్పులోంచి రావాలి. వస్తే ఏసుపాదం మళ్ళీ సొంత బండివాడవుతాడు. యాభై ఎనిమిదేళ్ళ వయసులో ఇంతకంటే ఇంకో అవకాశం వస్తుందన్న ఆశ అతనికి లేదు. ఇదంతా అతనే నూకరాజుకి చెప్పాడు, వైద్యుడి దగ్గర ఏదీ దాచకూడదన్నట్టు.

నూకరాజు వస్తున్నాడని తెలిసి మొగుడూ పెళ్ళాం పొద్దున్నే లేచి ఆ బండిని సబ్బుపెట్టి కడిగారు. ఏసుపాదం భార్య సువార్తమ్మ దీపాల అద్దాలు బూడిదతో తోమి తళతళలాడించింది. అరవైల్లోని పికప్పు అది. ముందు ముక్కు పొడుచుకొచ్చి ఉంటుంది. గుండ్రటి దీపాలు, వాటి మధ్య నిలువు కమ్మీలు, వెనక చెక్కల తొట్టి. నూకరాజు గంటసేపు చూశాడు. ఒళ్ళంతా అయస్కాంతం పెట్టి చూస్తే ఎక్కడా జారలేదు, అంటే ఎక్కడా లప్పం పూసి కప్పెట్టిన చోటు లేదు. దీపాలు, కమ్మీలు, తలుపు పిడులు, మీటర్లు అన్నీ ఆ బండితో పుట్టినవే. ఇంజిను నంబరూ ఛాసిస్ నంబరూ పుస్తకంతో సరిపోయాయి. ఇంజిను బిగుసుకుంది గాని పగల్లేదు. పాడయింది డ్రైవరు కాళ్ళ కింది రేకూ, తొట్టి అడుగూ మాత్రమే. మొక్కలకి నీళ్ళు పోసి ఎక్కిస్తారు కదా, ఆ నీళ్ళు ముప్ఫై ఏళ్ళు కారి కారి రేకుని తినేశాయి. అదేం పెద్ద పని కాదు, రెండు కొత్త రేకులు వేస్తే సరి. నూకరాజు మనసులో అంకె స్పష్టంగా నిలబడింది. లక్షా ఇరవై వేలు. ఆ అంకె ముమ్మాటికీ సరైనదే. అతని కన్ను ఆ రోజు కూడా అతన్ని మోసం చెయ్యలేదు.

ఈలోగా చుట్టూ జనం చేరారు. పక్క నర్సరీలో అంట్లు కట్టే ఆడవాళ్ళు పని ఆపి వచ్చి నిలబడ్డారు. నలుగురు చూస్తుంటే నూకరాజుకి పాత పూనకం వచ్చింది. డ్రైవరు తలుపు బార్లా తీసి, అందరికీ కనబడేలా స్క్రూడ్రైవరుతో ఆ తుప్పు రేకుని ఒక్క పోటు పొడిచాడు. అది రేకుని చీల్చుకుని పిడిదాకా దిగిపోయింది. ఇంకో చోట పొడిచాడు. మూడో చోట పొడిచాడు. తుప్పు పెచ్చులు రాలాయి. అయస్కాంతం సంగతి ఎత్తలేదు, నంబర్ల సంగతి ఎత్తలేదు. సువార్తమ్మ ఇంట్లోకెళ్ళి చీపురు తెచ్చి, రాలిన పెచ్చులు ఊడవడం మొదలుపెట్టింది.

“ఇది బండి కాదు ఏసుపాదం, ఇనుము. కాటా వేస్తే పదిహేను వేలు వచ్చిందా, కళ్ళకద్దుకో. దీన్ని బండని కొన్నవాడు మునిగిపోతాడు” అన్నాడు నూకరాజు.

అని, బండికి ఆనుకుని నిలబడి ఎదురు చూశాడు. అతని లెక్క ప్రకారం ఇప్పుడు ఏసుపాదం గుండె బాదుకోవాలి. పిల్లలమీద ఒట్టేసి మూడు లక్షలకి తక్కువైతే చచ్చినా ఇవ్వననాలి. అప్పుడు తను ముప్ఫై అనాలి, యాభై అనాలి, చివరికి డెబ్బయ్యో ఎనభయ్యో దగ్గర తెగ్గొట్టాలి. హోటలాయనకి నలభై వేలు మిగిల్చిన మొనగాడని పేరు రావాలి.

ఏసుపాదం ఆ చిల్లుల కేసి కాసేపు చూశాడు. “అంతేనాండి” అన్నాడు. తర్వాత భార్యని పిలిచి బాబుగారికి టీ పెట్టమన్నాడు. నూకరాజు టీ తాగాడు. గట్టి పిండమే, ఇప్పుడు బయటపడడు గాని రెండు రోజుల్లో షెడ్డుకొచ్చి కాళ్ళబేరానికి దిగుతాడు అనుకుంటూ బండెక్కాడు.

సాయంత్రం ఆచారిగారు ఎంత చేస్తుందని అడిగితే, లక్షా ఇరవై వేలు చేస్తుందని చెప్పి, ఎందుకో వివరంగా వినిపించాడు. ఆయన తలూపాడు. ఏసుపాదంగారితో చెప్పేవా అని అడిగాడు. నూకరాజు చెప్పేనండి అన్నాడు. చెప్పిన మాట ఒకటుంది కదా, కాబట్టి అబద్ధం కాదని తనకి తాను సర్దిచెప్పుకున్నాడు.

రెండు రోజులు గడిచాయి, మూడు రోజులు గడిచాయి. ఏసుపాదం రాలేదు. శనివారం హోటలాయన లక్షా ఇరవై వేలూ తెచ్చి ఆచారిగారి చేతిలో పెట్టి, బండి తెప్పించే ఏర్పాటు చూడమని వెళ్ళిపోయాడు. ఆచారిగారు ఆ సొమ్ము సంచిలో వేసుకుని, పద వెళ్దాం అని నూకరాజు మోటారుసైకిలు వెనక ఎక్కాడు. దారిలో చెప్పేద్దామని నూకరాజు రెండుసార్లు నోరు తెరిచాడు. ఇంతలోనే, ఏముందిలే, ఇంత సొమ్ము ఒక్కసారి చూస్తే ఏసుపాదం మొహం విప్పారిపోతుంది, ఆ రోజు మాటవరసకి అన్నానులే అని నవ్వేస్తే సరిపోతుంది అనుకున్నాడు. వెనక గురువుగారు మామూలుగానే కూర్చున్నా, గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు దారిపొడుగునా వీపు జలదరిస్తూనే ఉంది.

వెళ్ళేసరికి రేకుల పందిరి కింద బండి లేదు. చక్రాలు ఆనిన చోట నాలుగు గుంటలున్నాయి. మధ్యలో నేల తెల్లగా పాలిపోయి ఉంది.

ఏసుపాదం అద్దె ఆటో కడుగుతున్నవాడల్లా చేతులు తుడుచుకుంటూ పరుగున వచ్చి ఆచారిగారికి దండం పెట్టాడు. పెద్ద మేస్త్రిగారు తమ గుమ్మంలోకి రావడమే గొప్పన్నాడు. గురువారం పాత ఇనుము కొనేవాడు లారీ తెచ్చుకుని బండిని పట్టుకుపోయాడని చెప్పాడు.

“పదహారు వచ్చిందండి. ఆడు పన్నెండు వేలే అన్నాడండి. మా నూకరాజుగారు పదిహేనని చెప్పి ఉన్నారు గదాని గట్టిగా నిలబడ్డానండి. తమరి మాట పుణ్యమా అని నాలుగేలు ఎక్కువొచ్చిందండి” అన్నాడు నూకరాజు వైపు తిరిగి.

నూకరాజుకి తల తీసేసినట్టయింది. హోటలాయన కొంటానన్నాడుగా, ఆయనకెందుకు ఇవ్వలేదని ఆచారిగారు నెమ్మదిగా అడిగాడు. దానికి ఏసుపాదం కాస్త నొచ్చుకున్నట్టుగా, కొన్నవాడు మునిగిపోతాడని తెలిశాక ఇంకో మనిషికి ఎలా అంటగడతానండి, పాపం ఆయన సరదాపడి వచ్చిన మనిషి అన్నాడు. ఇనుము ఇనుము కింద పోతే ఎవరికీ నష్టం లేదన్నాడు. కడియం ట్రక్కు ఆటో మాట అడిగితే, అది మనకి రాసిపెట్టి లేదండి అని నవ్వాడు.

ఇంతలో సువార్తమ్మ ఒక పళ్ళెంలో రెండు అరటిపళ్ళూ ఐదు వందల నోటూ పెట్టుకుని వచ్చి నూకరాజు ముందు నిలబడింది. మాటకూలి అది. పదహారు వేలలోంచి తీసిన ఐదు వందలు. నూకరాజు చెయ్యి చాచలేకపోయాడు. నేల బద్దలై మింగేస్తే బాగుండునని మనుషులు అంటూ ఉంటారు. ఆ మాట ఉత్త మాట కాదని అతనికి అప్పుడు తెలిసింది. సంచి చంకలో పెట్టుకుని నిలబడ్డ ఆచారిగారు అంతా గ్రహించాడు. గ్రహించి కూడా కేకలెయ్యలేదు.

“తీసుకో నూకరాజూ. మాట నీదే కదా” అన్నాడు.

నూకరాజు ఆ పళ్ళెం ముందు నిలబడి, మొదటిసారి ఆ మనిషిని మీరు అని పిలిచాడు. ఏసుపాదంగారూ, నేను తప్పు చెప్పానండి అన్నాడు. బండి లక్షా ఇరవై చేస్తుందని, ఆ రోజే తనకి తెలుసునని, మీరు కాదంటే పెంచుదామని తక్కువ చెప్పానని, అదిగో ఆ సొమ్ము గురువుగారి సంచిలోనే ఉందని గబగబా కక్కేశాడు.

ఏసుపాదం శ్రద్ధగా విన్నాడు. విని, జాలిగా నవ్వి, అతని భుజంమీద చెయ్యి వేశాడు.

“తమరిది మంచి మనసండి, నేను బాధపడతానని అలా అంటన్నారు. కాని నా కళ్ళతో నేను చూసేను గదండీ. స్క్రూడ్రైవరు పిడిదాకా దిగిపోయింది” అన్నాడు.

ఎంత చెప్పినా నమ్మలేదు. అబద్ధాన్ని అంత బాగా రుజువు చేసిన మనిషి, నిజానికి రుజువు తేలేకపోయాడు. అయస్కాంతం అంటుకుందనీ, నంబర్లు కలిశాయనీ చెబుతుంటే, ఏసుపాదం ఓదార్పు మాటలు విన్నట్టు విని తలూపాడు. చివరికి సువార్తమ్మే ఆ నోటు మడిచి నూకరాజు చొక్కా జేబులో పెట్టింది.

అక్కణ్ణుంచి నూకరాజు నేరుగా రాజమండ్రిలో ఆ ఇనుము కొన్నవాడి కొట్టుకి పరుగెత్తాడు. శుక్రవారమే గ్యాసుతో కోసేశామని చెప్పారు వాళ్ళు. గుట్టలో వెతికితే ఒక దీపం చట్రం దొరికింది, అద్దం లేదు. హోటలాయన సొమ్ము ఆచారిగారు తిరిగి ఇచ్చేశాడు. పది రోజుల తర్వాత నూకరాజు చీటీ పాడుకుని తొంభై వేలు తీసుకుని మళ్ళీ బుర్రిలంక వెళ్ళాడు. అప్పటికి కడియం ట్రక్కు ఆటోని ఎవరో కొనుక్కుపోయారు. ఏసుపాదం ఆ సొమ్ము ముట్టుకోలేదు. బండి లేకుండా బండి సొమ్మెందుకండి, ఊరికే పుచ్చుకుంటే అరుగుతుందా అని, మంచినీళ్ళిచ్చి పంపించాడు. ఆ తర్వాత హైవేమీద ఎప్పుడు ఎదురైనా అద్దె ఆటోలోంచి హారను కొట్టి, చెయ్యెత్తి నమస్కారం పెట్టేవాడు. ఎవరైనా తిట్టిపోస్తే ఓర్చుకోవచ్చు. ఆ నమస్కారాన్ని ఓర్చుకోవడానికి నూకరాజు చాలా అవస్థపడ్డాడు. దూరంనుంచి ఆ ఆటో కనబడితే పక్క సందులోకి తిప్పేసేవాడు. ఒకసారి తిప్పడానికి సందు లేక ఎదురుపడి, ఏసుపాదం నవ్వుమొహం చూసి, ఇంటికెళ్ళి మొహానికి తువ్వాలు అడ్డం పెట్టుకుని ఏడ్చాడు.

ఆచారిగారు ఈ సంగతి మళ్ళీ ఎత్తలేదు. పనిలోంచి పొమ్మనలేదు, ఉండమనీ అనలేదు. నూకరాజు కూడా ధరలు చెప్పడం మానేసి, నట్లు బిగించడం, గ్రీజు పెట్టడం వంటి పనులు చేసుకుంటూ తలవంచుకు తిరిగాడు.

రెండు నెలలకి మండపేటనుంచి ఒక పెద్దాయన ట్రాక్టరుకి తాడు కట్టించి ఒక పాత పికప్పుని లాక్కొచ్చాడు. అదీ నడవదు. ఆచారిగారు కుర్చీలోంచి లేవకుండా నూకరాజు కేసి చూసి, చూడు అన్నాడు. నూకరాజు చూశాడు. పైనా కిందా, లోపలా బయటా రెండు గంటలు చూశాడు. మంచి ఎక్కడుందో ఆ పెద్దాయనకి వేలుపెట్టి చూపించాడు, చెడ్డ ఎక్కడుందో అదీ చూపించాడు. అంకె మనసులో నిలబడింది. ఎంతొస్తుంది బాబూ అని పెద్దాయన అడిగాడు. నూకరాజు ఇప్పుడే వస్తానని చెప్పి షెడ్డులోకి వెళ్ళి, గురువుగారి ముందు చేతులు కట్టుకు నిలబడ్డాడు.

“అంకె తెలుసండి. తొంభై ఐదు. కాని ఆ మనిషి నా నోటికేసే చూస్తన్నాడు. నేనేమంటే అది నమ్మేస్తాడు. నా నోరంటే నాకే భయమేస్తంది. మీరే చెప్పండి” అన్నాడు.

ఆచారిగారు అతని మొహంలోకి చూశాడు.

“ఆ భయం నాకు నలభయ్యేళ్ళుగా ఉంది. వెళ్ళు, ఆయన ఎండలో నిలబడ్డాడు” అన్నాడు.